వేడి నడిచే రెండు దారులు

ఎర్రగుట్ట మీద నీడకే కరువు, మాటకు కాదు. బండ మీద బండ పేర్చినట్టుండే ఆ గుట్టలో రాళ్ళ సందుల నిండా బోదగడ్డి, రేగుకంప, కలివి పొదలు. వేసవి ముదిరిందంటే ఆ గడ్డి నిలువునా ఎండిపోయి, చిన్న గాలి వీచినా గలగలమనేది.

గుట్ట నడుమున ఒక గవి ఉండేది. గుహనే ఆ పక్క గవి అంటారు. నోరు చిన్నది, లోపల మాత్రం ఎత్తుగా, విశాలంగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ నేల పల్లంగా దిగుతుంది. ఆ పల్లంలో, రాతి పగులులోంచి మండువేసవిలో కూడా చుక్క చుక్కగా నీళ్ళు ఊరేవి. పల్లానికి పైన, కప్పుకు మూరెడు కిందుగా, ఇళ్ళలో అటక ఉన్నట్టు ఒక వెడల్పాటి రాయి గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి ఉండేది.

ఆ గవి నక్క లింగప్పది. ఎవరిచ్చారయ్యా అని అడిగితే, "ఇచ్చేదెవరు, నేనే తీసుకున్నా" అనేవాడు. గుట్ట మీద ఏ తగువొచ్చినా పిలవకుండానే వచ్చి కూర్చుని తీర్పు చెప్పేవాడు. తీర్పు ఎప్పుడూ ఒక్క మాటలో ఉండేది. రెండో మాట వినే ఓపిక ఆయనకు లేదు.

గవికి కాస్త దిగువన నక్షత్ర తాబేలు సుంకమ్మ కాపురం. డిప్ప మీద పసుపు గీతలతో, ముఖం మీద ముడతలతో, ఎన్నేళ్ళదో ఎవరికీ తెలియదు. పుట్టింది మొదలు పొట్ట నేలకు ఆనించి బతికిన మనిషి. మనిషి అంటున్నానని నవ్వకండి, గుట్ట మీద వాళ్ళు ఆమెను అట్లాగే చూసేవాళ్ళు.

అన్నిటికంటే పైబండ మీద రాబందు ఓబులేసు ఉండేవాడు. బోడి మెడ, వంగిన భుజాలు. చచ్చిన వాటిని తిని బతికేవాడే గానీ, తన చేత్తో ఒక్క ప్రాణం తీసినవాడు కాదు. అయినా ఆయన నీడ పడితేనే అందరూ ముఖం తిప్పుకునేవాళ్ళు. పలకరించేది సుంకమ్మ ఒక్కతే.

ఒక వేసవి పొద్దున ఆమె ఎండబండ మీదికి పాక్కుంటూ వచ్చి పైకి చూసింది.

"ఏమప్పా ఓబులేసూ, పొద్దెక్కింది కదా, ఇంకా తిండికి పోలేదా?"

"ఇంకా లేవలేదక్కా."

"ఎవరు లేవలేదు? నువ్వు లేచి ఎంతసేపైందో నేను చూస్తానే ఉన్నా."

"నేను కాదక్కా. గాలి లేవలేదు."

సుంకమ్మ మెడ ఇంకాస్త బయటికి చాచింది. "గాలి లేవడమేంది?"

"నాది బరువు ఒళ్ళు. కాకుల మాదిరి రెక్కలు కొట్టుకుంటూ పోతే మధ్యాహ్నానికి ప్రాణం పోతుంది. అందుకే బండలు కాలేదాకా కూర్చుంటా. బండ కాలుతుంది. బండను తాకిన గాలి కాగుతుంది. కాగిన గాలి తేలికైపోయి, ఆ వేడిని ఎత్తుకుని తానే పైకి లేచి పోతుంది. అది ఖాళీ చేసిన చోటికి పక్కనుంచి చల్లగాలి వచ్చి చేరుతుంది. అదీ కాగుతుంది, అదీ లేస్తుంది. ఆ లేచే గాలి మీద నేను రెక్కలు పరుచుకుంటా, అంతే."

సుంకమ్మ కాసేపు ఆలోచించింది. ఆమె ఆలోచన కూడా నడక లాగే నిదానం.

"నువ్వు అబద్ధం చెప్పేవాడివి కాదు. కానీ నేను ఇన్నేండ్లుగా వేడిని పొట్టతో చూస్తున్నా, అది లేచి నడవటం నాకు తగల్లేదప్పా. పైరాయి కాలితే దాన్ని ఆనుకున్న కిందిరాయికి ఇస్తుంది. కిందిరాయి దాని కింది మట్టికి ఇస్తుంది. ఏ రాయీ తన చోటు వదలదు. వేడి మాత్రం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతుంది. అదీ చాలా మెల్లగా. పొద్దున ఎండ కొట్టిన బండకు అడుగున సాయంత్రానికి గానీ వెచ్చదనం దిగదు."

"రాళ్ళు కదలలేవు కదక్కా, అందుకని చేతులు మారుస్తాయేమో. గాలికి ఆ కట్టుబాటు లేదు."

ఇద్దరూ ఇట్లా మాట్లాడుకుంటూ ఉండగా నీళ్ళకని గవికి పోతున్న కుందేలు మద్దమ్మ ఆగి వింటూ నిలబడింది. ఆమె వెనక నాలుగు పిల్లలు, ఈని పదిరోజులైనా కాలేదు. గవి నోట్లోంచి లింగప్ప కూడా ఆవులిస్తూ బయటికొచ్చాడు.

"ఏంది తగువు?"

"తగువేం లేదు సామీ," అంది సుంకమ్మ. "వేడి ఎట్లా నడుస్తుందా అని అనుకుంటున్నాం."

లింగప్ప ఇద్దరి మాటలూ సగం సగం విన్నాడు. విని, తోక ఒకసారి విదిలించాడు.

"సుంకమ్మ చెప్పిందే నిజం. ముట్టుకుంటేనే కాలేది. ముట్టుకోకుండా కాలిందని నేనెక్కడా చూళ్ళేదు. వేడి లేచి పోతుందంట! ఎగిరేవాడికి అన్నీ ఎగిరినట్టే కనిపిస్తాయి. పోండి, పనులు చూసుకోండి."

"నా మాట నిజమైతే ఆయన మాట అబద్ధం కావాలనేముంది?" అంది సుంకమ్మ.

"తీర్పు అయిపోయింది," అన్నాడు లింగప్ప.

అప్పటికే బండ వేడెక్కింది. ఓబులేసు మెడ చాచి, దిగువనున్న గడ్డి పరకల వైపు చూశాడు. వాటి కొసలు కదలడం మొదలైంది. రెండు రెక్కలూ చాచి, బండ అంచు మీంచి ఊరికే ఒక్క అడుగు ముందుకు వేశాడు. మద్దమ్మ అమ్మో పడిపోయాడనుకుంది. పడలేదు. రెక్క ఒక్కసారి కూడా ఆడించకుండా, ఎవరో కింది నుంచి రెండు చేతులతో ఎత్తుతున్నట్టు, గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ పైకి పోయాడు. చూస్తుండగానే పిట్టంతయ్యాడు, తర్వాత ఈగంతయ్యాడు, ఆ తర్వాత ఆకాశంలో చుక్కయ్యాడు.

మద్దమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆ మనిషి కింద కనిపించని నిచ్చెన ఏదో ఉందనిపించింది. అంత గాలి తన చెవుల పక్కనుంచే రోజూ లేచి పోతుంటే, తనకు ఇన్నాళ్ళూ తెలియలేదా?

"పిల్లలకు నీళ్ళు తాపి బయల్దేరు," అన్నాడు లింగప్ప. ఆయన పైకి చూడనే లేదు.

మధ్యాహ్నం దాటాక గుట్ట కింద ఎవరో పాత గడ్డికి నిప్పు పెట్టారు. కాలిస్తే వానలకు కొత్త గడ్డి బాగా లేస్తుందని వాళ్ళ ఆశ. పెట్టినవాళ్ళు పెట్టి పోయారు. అప్పుడు గాలి తిరిగింది.

మొదట చూసింది ఓబులేసే. కింద సన్నటి పొగ నిటారుగా లేస్తున్నదల్లా ఒక్కసారిగా గుట్ట వైపు వాలింది. నిప్పు వరస గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. సమతలం మీద నడిచినంతసేపు నడిచి, వాలు దొరకగానే పరుగు అందుకుంది. ముందున్న గడ్డిని ముట్టుకోకముందే, పైకెక్కే వేడిగాలి దాన్ని ఎండబెట్టి, మాడ్చి, సిద్ధంగా పెడుతోంది.

ఓబులేసు రెక్కలు ముడిచి రాయిలా కిందికి పడ్డాడు. మద్దమ్మ పొద పక్కన దిగాడు. రాబందు నీడ మీద పడగానే ఆమె పిల్లల మీదికి వాలిపోయి, పళ్ళు బయటపెట్టింది.

"దగ్గరికొస్తే కళ్ళు పీకుతా!"

"నేను నీ పిల్లల కోసం రాలేదమ్మా. నిప్పు వస్తోంది. గవికి పో."

ఆమె వాసన పట్టింది. పొగ. ఇద్దరు పిల్లలు ముందు గెంతుతుండగా, ఒకణ్ణి నోట కరుచుకుని, ఇంకొకణ్ణి ముక్కుతో నెట్టుకుంటూ గుట్ట ఎక్కింది. దారిలో సుంకమ్మ గవి వైపే పాకుతూ కనిపించింది. నేల అదురుతోందని ఆమె పొట్టకు అప్పటికే తెలిసిపోయింది.

గవి నోటి దగ్గర లింగప్ప నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళు చకచకా లెక్కలు వేస్తున్నాయి. నిప్పు నేల మీద నడిచి వస్తుంది. ముట్టుకుంటేనే కాలేది. నేల మీద పడుకున్నవాళ్ళకే ముందు అంటుకుంటుంది. వాళ్ళు కాలేదాకా తనకు వాళ్ళే అడ్డం. తను పైన, నేలకు అంత దూరంగా, అటక మీద ఉంటే చాలు.

ముఖం నిండా దయ తెచ్చుకున్నాడు.

"రా మద్దమ్మా, రా తల్లీ. నా గవి మీదే అనుకోండి. చంటిపిల్లల తల్లివి, తడిగా చల్లగా ఉన్న పల్లం నీకు ఇచ్చేస్తున్నా. సుంకమ్మవ్వా, నువ్వూ అక్కడే సర్దుకో. నేనెట్లాగూ ముసలోణ్ణి, ఆ అటక మీద గట్టి రాయి మీద నడుం వాలుస్తా."

మద్దమ్మ పల్లం వైపు చూసింది. అటక వైపు చూసింది. నిప్పు కింద ఉంది, అటక పైన ఉంది. ఏ తల్లికైనా ఏది తోస్తుంది?

"లింగప్పన్నా, నన్ను వదిలెయ్. పిల్లల్ని మాత్రం నీ పక్కన పైన పెట్టుకో. నలుగురూ కలిపి నీ తోకంత లేరు."

"పైన ఒక్కరికే చోటు," అన్నాడు లింగప్ప, ఒక్క దూకులో అటక ఎక్కి, కాళ్ళు నాలుగూ చాచుకుంటూ.

"పైకి వద్దు మద్దమ్మా!"

ఆ మాట గవి నోటి దగ్గర్నుంచి వచ్చింది. ఓబులేసు లోపలికి మెడ దూర్చి నిలబడి ఉన్నాడు. ఆయన రెక్కల వెనక ఆకాశం ఎర్రబడిపోయింది.

"పైకి పోవద్దు. వేడిగాలి లోపలికొస్తే ముందు కప్పు చేరుతుంది. అక్కణ్ణుంచి కిందికి నిండుతూ వస్తుంది. పల్లంలో పడుకోండి. ముక్కులు నేలకు ఆనించండి. లింగప్పా, నువ్వు కూడా దిగు."

"ఆహా," అన్నాడు లింగప్ప పైనుంచి. "నేను దిగితే అటక మీదికి నువ్వెక్కుదామనా?"

మద్దమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నక్క పల్లంలో పడుకోమంటున్నాడు. రాబందూ పల్లంలోనే పడుకోమంటున్నాడు. ఒకడు ఏనాడూ ఊరికే మేలు చేసినవాడు కాదు. ఇంకొకడు చచ్చినవాళ్ళ కోసం కాచుకుని బతికేవాడు. ఇద్దరూ కలిసి ఒకే చోటు చూపిస్తుంటే, అక్కడ పిల్లల్ని ఎట్లా పడుకోబెట్టేది?

"అవ్వా," అంది ఏడుపు గొంతుతో, "నువ్వు చెప్పు. నేను ఎవర్ని నమ్మేది?"

సుంకమ్మ తొందరపడలేదు. అంత గందరగోళంలోనూ పల్లంలోకి దిగి, నాలుగు కాళ్ళూ లోపలికి లాక్కుని, పొట్ట పూర్తిగా రాతికి ఆనించింది. కళ్ళు మూసుకుంది. బయట మంటల చప్పుడు దగ్గరవుతోంది. మద్దమ్మకు ఆ కొద్దిసేపు ఒక ఏడాదంత అనిపించింది.

"రాయి చల్లగా ఉంది," అంది సుంకమ్మ. "బయటికీ ఇక్కడికీ మధ్య ఇరవై బారల రాయి. ఇంత రాతిలో వేడి చేతులు మారుకుంటూ రావాలంటే రేపటికి కూడా రాలేదు. గడ్డి మంట అంతసేపు నిలబడదు. నేల సంగతి నాకు తెలుసు, నేల మనల్ని కాల్చదు. గాలి సంగతి నాకు తెలీదు. అది ఆయనకు తెలుసు. నాకు తెలిసింది, ఆయనకు తెలిసింది, రెండూ ఈ పల్లాన్నే చూపిస్తున్నాయి. లింగప్ప ఎందుకు చూపించాడో నాకు అక్కర్లేదు. పిల్లల్ని తీసుకురా."

మద్దమ్మ ఒక్క క్షణం ఓబులేసు ముఖంలోకి చూసింది. ఆ బోడి మెడ మీద, ముడతల కళ్ళలో భయం ఉంది. అది ఆయన తన ప్రాణం కోసం పడుతున్నది కాదని ఆమెకు అర్థమైంది. పిల్లల్ని పల్లంలోకి దించి, వాళ్ళ మీద వాలిపోయింది.

"మరి నువ్వో?" అని అరిచింది.

"నా రెక్కలు ఇందులో పట్టవమ్మా. నాకు వేరే దారుంది." ఓబులేసు వెనక్కి తిరిగి, మంటల వైపే రెక్కలు విప్పాడు. లేచే గాలి ఆయన్ని ఎండుటాకును ఎగరేసినట్టు ఒక్క ఊపులో పైకి లాక్కుపోయింది. మద్దమ్మ ఆయన ఎగరడం చూడలేదు. కళ్ళ ముందు నుంచి మాయమవడమే చూసింది.

అప్పుడు గుట్ట అరవడం మొదలుపెట్టింది.

గడ్డి మండే చప్పుడు అంత పెద్దదని వాళ్ళకెవరికీ తెలియదు. వంద బండ్లు ఒకేసారి రాతి బాట మీద పోతున్నట్టుంది. గవి నోరు ఎర్రగా, తర్వాత పసుపుగా, తర్వాత నల్లగా మారింది. పొగ లోపలికి వచ్చింది.

మద్దమ్మ తల ఎత్తకుండా కళ్ళు మాత్రం పైకి తిప్పింది. అప్పుడు చూసింది ఒక వింత.

పొగ కలిసిపోవడం లేదు. గవి నోటి పై అంచు పట్టుకుని లోపలికి వచ్చి, కప్పును ఆనుకుని, తలకిందులుగా పారే ఏటి మాదిరి, చప్పుడు లేకుండా ముందుకు పారుతోంది. దానికి ఒక మట్టం ఉంది. మట్టానికి పైన నల్లటి ప్రవాహం, కింద తేటగా ఉన్న గాలి. ఆ ప్రవాహంలో నిప్పు తునకలు చేపల్లా మెరుస్తూ ఈదుతున్నాయి. వెనక గోడ చేరాక ఆ పొగలో కొంత చల్లబడి, గోడ వెంబడి మెల్లగా జారి, దిగువన మళ్ళీ బయటికి మళ్ళుతోంది. బూడిద రేణువు ఒకటి ఆమె కళ్ళ ముందే పైన లోపలికి పోయి, గోడ దిగి, ఆమె ముక్కుకు ఎదురుగా నేల బారున బయటికి తేలుతూ పోయింది. గవి మొత్తం ఊపిరి పీలుస్తున్నట్టుంది. పైనుంచి పీల్చి, కిందినుంచి వదులుతున్నట్టుంది.

చావు అంత దగ్గరగా ఉన్నా ఆమె ఆ క్షణంలో భయం మరచిపోయింది. ఓబులేసు చెప్పిన నడిచే వేడి ఇదే. ఇన్నాళ్ళూ కనపడకుండా నడిచింది. ఇవాళ పొగ పూసుకుని కనపడింది.

"అమ్మా, ఏరు పైన పోతోంది," అన్నాడు ఒక పిల్లవాడు.

"అవును నాయనా. తల దించుకో."

పల్లంలో గాలి చల్లగానే ఉంది. నీటి తడి వాసన ఇంకా వస్తోంది. సుంకమ్మ డిప్పను రాతికి అదుముకుని, "చల్లనే, చల్లనే" అని తనలో తాను గొణుక్కుంటోంది.

అటక మీద లింగప్ప కథ వేరు. మొదట ఆయన హాయిగానే ఉన్నాడు. పాదం కింద రాయి చల్లగా తగులుతోంది. రాయి చల్లగా ఉన్నంతసేపు తనకేం కాదనుకున్నాడు. అంతలో చెవుల కొసలకు సెగ తగిలింది. తర్వాత వీపుకు. తర్వాత కళ్ళు మండాయి. పాదం కింద రాయి చల్లనే. ముక్కులోకి పోయేది మాత్రం పొయ్యిలోంచి వచ్చిన గాలి.

"రాయి కాలలేదు!" అని అరిచాడు. "నేను దేన్నీ ముట్టుకోలేదు! ఎట్లా మండుతోంది నాకు?"

"దిగప్పా లింగప్పా!" అంది సుంకమ్మ.

"నేను దిగితే మీరు..."

ఆ మాట పూర్తి కాలేదు. దగ్గు ముంచుకొచ్చింది. మీసాలు చుర్రున ముడుచుకున్నాయి. కళ్ళు కనపడలేదు. అటక అంచు తెలియక, నిండు గోనెసంచి పడ్డట్టు దబ్బున పల్లంలో పడ్డాడు. పడి, తల ఎత్తి లేవబోయాడు.

"లేవద్దు!" మద్దమ్మ ముందుకాలితో ఆయన తలను కిందికి నొక్కింది. కుందేలు నక్క తలను నొక్కడం ఆ గుట్ట మీద అదే మొదలు. "ముక్కు నేలకు పెట్టు. నా పిల్లల పక్కన. అట్లా."

లింగప్ప పెట్టాడు. నేలబారున వచ్చిన చల్లగాలి ఊపిరితిత్తుల్లోకి పోగానే ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పొగ వల్లనో, మరి దేనివల్లనో ఎవరూ అడగలేదు.

గడ్డిమంట ఎంత కోపంగా వస్తుందో అంత తొందరగానూ పోతుంది. కాసేపటికి చప్పుడు గుట్ట పైకి, ఆ తర్వాత అవతలికి మళ్ళింది. కప్పు కింద పారే నల్లటి ఏరు పలచబడి, తునకలై, గవి నోట్లోంచి మెల్లగా బయటికి జారిపోయింది. బయట ఆకాశం మళ్ళీ కనిపించింది. చల్లటి గాలి లోపలికి వీచింది.

లింగప్ప లేచి ఒళ్ళు దులుపుకున్నాడు. ఊపిరి రాగానే గర్వమూ వచ్చింది.

"ఇప్పుడు నాకు పూర్తిగా తెలిసిపోయింది," అన్నాడు బొంగురు గొంతుతో. "పొద్దున నేను పొరబడ్డా. ఓబులేసు మాటే నిజం. వేడి గాలితో వస్తుంది, గాలితో పోతుంది. చూడండి, గాలి చల్లబడింది. వేడి పోయింది. పదండి."

"ఆగప్పా," అంది సుంకమ్మ. "గాలి పోయింది. బండలు పోలేదు. అవి తీసుకున్న వేడిని అంత తొందరగా వదలవు. సాయంత్రం దాకా ఉందాం."

"నీ రాళ్ళ గోల ఎప్పుడూ ఉండేదే అవ్వా! పొద్దున నీ మాట నమ్మినందుకే కదా నా మీసాలు పోయాయి!"

"నా మాట సగమే నమ్మావు. ఆయన మాట సగం కూడా నమ్మలేదు."

లింగప్ప వినిపించుకోలేదు. గవి నోటి దగ్గర నిలబడి ముక్కు ఎత్తి గాలిని వాసన చూశాడు. గాలి నిజంగానే చల్లగా, హాయిగా ఉంది. ఒక్క గెంతు గెంతి బయటి నల్లబండ మీద నాలుగు కాళ్ళూ మోపాడు.

ఆ కేక గుట్ట అవతలి వైపు దాకా వినిపించింది.

ఒక కాలు ఎత్తితే మూడు కాలుతున్నాయి. రెండు ఎత్తితే మిగతా రెండూ ఇంకా కాలుతున్నాయి. బండ ఎక్కడా కదల్లేదు, ఎర్రగా కూడా లేదు, చూడటానికి ఎప్పటిలాగే ఉంది. తన వేడిని తనను ముట్టుకున్నవాడి పాదాలకు అందిస్తోంది, అంతే. లింగప్ప వచ్చినంత వేగంగా వెనక్కి దూకి, కుంటుకుంటూ పల్లంలోకి దిగి, నాలుగు పాదాలూ ఊటనీళ్ళ తడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. పిల్లల్లో ఒకడు మాత్రం, "ఆ మామ ఎందుకు రెండుసార్లు కాలాడు?" అని అడిగాడు. మద్దమ్మ వాడి నోరు మూసింది.

పొద్దు వాలేదాకా వాళ్ళు గవిలోనే ఉన్నారు. సుంకమ్మ మధ్య మధ్య గవి నోటి దాకా పాకి, ముందు గోరు కొసతో, ఆ తర్వాత పొట్ట అంచుతో బండను తాకి చూసి వచ్చేది. మూడోసారి వచ్చాక, "ఇంక చాలు, పదండి" అంది.

బయట గుట్ట గుర్తుపట్టలేనట్టుంది. గడ్డి లేదు, పొదలు లేవు. నల్లటి బండలు, వాటి మీద తెల్లటి బూడిద. తూర్పున, చాలా దూరాన, పొగ ఒక పెద్ద కంబంలా ఆకాశంలోకి నిలబడి, పైన గొడుగులా విచ్చుకుంది. మద్దమ్మ పిల్లలతో సహా దాన్ని చూస్తూ నిలబడిపోయింది. గడ్డిపరకంత నిప్పు, ఇంత ఆకాశాన్ని ఎత్తుకుపోయింది. వాళ్ళ పాదాల కింద బండ మాత్రం ఇంకా గోరువెచ్చగా, ఒక్క అంగుళమైనా కదలకుండా, పట్టుకున్న వేడిని కింది రాతికి అందిస్తూనే ఉంది.

"ఇన్నేండ్లు బతికా," అంది సుంకమ్మ మెల్లగా. "వేడికి ఒక్క దారే ఉందనుకున్నా. ఇవాళ రెండోది చూశా. ఇంకా ఎన్ని ఉన్నాయో."

ఆకాశంలోంచి చుక్క ఒకటి విడివడి, తిరుగుతూ తిరుగుతూ కిందికి వచ్చింది. ఓబులేసు. ఒళ్ళంతా బూడిద, ఒక రెక్క కొస ఈకలు మాడిపోయాయి. బండ మీద వాలి, కాళ్ళు నిలవక తూలాడు. మద్దమ్మను చూశాడు. ఆమె వెనక్కి చూశాడు. ముక్కు కదిలిస్తూ లెక్కపెట్టాడు.

"నలుగురూ ఉన్నారా?"

"ఉన్నారన్నా. నలుగురూ ఉన్నారు." ఆమె పిల్లల్ని ముక్కుతో ముందుకు నెట్టింది. మధ్యాహ్నం ఆయన నీడ పడితే పళ్ళు చూపించిన మనిషి. "ఎంత దూరం పోయావన్నా?"

"మేఘాల దాకా ఎత్తేసిందమ్మా. పుట్టి అంత ఎత్తు చూళ్ళేదు. నిప్పు వరస కింద దారంలా కనపడింది. ఈ గవి కనపడనే లేదు." ఆయన మళ్ళీ పిల్లల వైపు చూశాడు. "నాకు తిండి ఎట్లా దొరుకుతుందో మీకు తెలుసు. నిప్పు పోయిన చోట నాకు పండగ. పైన తిరుగుతున్నంతసేపూ నేను కోరుకున్నది ఒక్కటే. ఈ పూట నన్ను ఆకలితోనే దించు దేవుడా అని."

పిల్లల్లో అందరికంటే చిన్నది గెంతుకుంటూ పోయి, ఆయన చాచిన రెక్క నీడలో కూర్చుంది. ఓబులేసు ఆ రెక్కను కదిలించకుండా, పొద్దు పూర్తిగా కుంకేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

గవి లోపల తడిరాతి మీద లింగప్ప పాదాలు నాక్కుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత గుట్ట మీద తగువులొచ్చినప్పుడు ఆయన్ని ఎవరూ పిలవలేదు, ఆయనా రాలేదు.

వేడికి ఒక్క దారే ఉందని తేల్చేసినవాడు రెండు దారుల్లోనూ కాలాడు, తనకు తెలియని సగం పక్కవాడికి తెలిసుండొచ్చని ఒప్పుకున్నవాళ్ళు బతికి బయటపడ్డారు.